కుట్టని పుస్తకం

బైండింగ్ షాపు, పైగది
సోమవారం

బావమరిదికి,

గురువారం నీ ఉత్తరం చేరింది. మేం బాగున్నాం. నీ కూతురు, మన పిడుగు, ఈ ఏడాది రెండంగుళాలు పెరిగింది. తలుపు చట్రం మీద గీత పెట్టి తేదీ వేశాను.

నువ్వు అడిగినదానికి జవాబు: ఆడవచ్చు. అక్కడ పాచికలు రానివ్వరు కాబట్టి నీ తరఫున ఇక్కడ నేను వేస్తాను. పడిన అంకె నా రోజువారీ పుస్తకంలోనూ ఉంటుంది, నీ ఉత్తరంలోనూ ఉంటుంది. వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకో.

నువ్వు జైలుకి వెళ్ళాక మొదలైన ఆట కాబట్టి మొదటినుంచి చెబుతాను. రెండేళ్ళ క్రితం ఒకాయన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి అట్ట వేయమని ఇచ్చి మళ్ళీ రాలేదు. విప్పి చూస్తే కథ కాదు, ఆట. ఒకడు సూత్రధారిగా ఉంటాడు. మీరు ఫలానా అడవిలో ఉన్నారు, ఎదురుగా ఫలానాది వచ్చింది అంటాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, నేనిది చేస్తానంటారు. జరుగుతుందో జరగదో అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఎనిమిది నెలలు పట్టింది. ఆదివారాలు పిడుగు మా ఇంటికి వస్తుంది కదా, అది పట్టుబట్టింది, మొదలుపెట్టాం. మీ అక్క కూడా ఆడుతుంది.

మొదటి ఆదివారమే చిక్కు వచ్చింది. పుస్తకంలో మూడు వందల పేజీల నియమాలు. పిడుగుకి గొడ్డలి ఎత్తడం, నరకడం, అంతే. నేను నియమం వెతికేలోపు బల్ల దిగి వెళ్ళిపోయింది. మీ అక్కది వైద్యురాలి పాత్ర. ఆమెకి ప్రతిదీ తేలాలి. సంచిలో గుడ్డ ఎంత ఉంది, గాయానికి ఎంత పట్టింది, తడిస్తే బరువెంత పెరుగుతుంది. అందుకని ఎవరికి కావలసిన నియమాలు వాళ్ళకి విడి కాగితాల మీద నా మాటల్లో రాశాను. పిడుగుకి మూడు, మీ అక్కకి తొమ్మిది, అందరికీ కలిపి మిగతావి. బల్ల ఒకటే, రాక్షసుడు ఒకడే, ఆడే తీరు ఎవరిది వాళ్ళది. నప్పనిది తీసెయ్యండి, కావలసింది చేర్చుకోండి అని ఆ పుస్తకం ముందుమాటలోనే ఉంది. తీయడానికీ చేర్చడానికీ వీలుండాలంటే కుట్టకూడదు. రెండు బెజ్జాలు వేసి ట్యాగుతో కట్టి ఉంచాను. ముప్పై ఏళ్ళలో నేను కుట్టకుండా వదిలిన పుస్తకం అదొక్కటే.

నీకు ఎలాంటి ఆట కావాలో రాయి.

ఇంకొకటి. శిక్ష తగ్గింపు విచారణ తేదీ ఎప్పుడని పాప వాళ్ళమ్మ అడిగింది. మూడు నెలలుందని చెప్పాను. వాళ్ళన్నయ్య ఉండేచోట ఆమెకి పని దొరికిందట. రెండు రోజుల రైలు ప్రయాణం. నువ్వు వస్తే వెళ్ళనంది. రాకపోతే పాపని తీసుకుని వెళతానంది. నీకు తెలియాలని రాశాను.

నీ బావ

&nbsp;

రెండో బ్యారక్, కిటికీ పక్క

బావా,

నీ ఉత్తరం మా వంటాయనకి చదివి వినిపించాను. (ఇక్కడ నా పక్క మంచం ఆయనదే.) అంతా విని, "మీ బావ లాయరా?" అన్నాడు. కాదు, పుస్తకాలకి అట్టలేస్తాడన్నాను. "మరి నోటీసు ఇచ్చినట్టు రాశాడేంటయ్యా, ముద్దు లేదు మురిపెం లేదు!" అన్నాడు. అదే ఆయన ముద్దు, రెండంగుళాలు అని రాశాడు చూడు అన్నాను. నిజంగానే ఆ రెండంగుళాల దగ్గర కాసేపు ఆగిపోయాను బావా.

నాకు కొట్లాట వద్దు. ఇక్కడ రోజూ చూస్తున్నాను, రుచి లేదు. నేను దుబాసీని. ఏ జీవి భాషైనా వచ్చు. నీ రాక్షసుణ్ణి కూర్చోబెట్టి మాట్లాడతాను. అలాంటివాడికి నీ ఆటలో చోటుందా? లేకపోతే ఒక కాగితం చేర్చు. కుట్టలేదు కదా.

ఒక్క షరతు. అంకె మార్చొద్దు. నీ సంగతి నాకు తెలుసు, పైకి చెక్కలా ఉంటావు గానీ జాలిపడతావు. ఒకటి పడితే ఒకటనే రాయి. లిఫ్టు పైకి ఎక్కకుండానే "తాడు చూశాను, బాగుంది" అని మూడు నెలలు పుస్తకంలో సంతకం పెట్టినవాణ్ణి నేను. మూడో నెల ఆ లిఫ్టులో ఇద్దరు పోయారు. నా పేరు మీద ఇంకో దొంగ రాత వద్దు.

మా ఆవిడ మాట అర్థమైంది. ఆవిడ తప్పేమీ లేదు. నా నడవడిక మీద ఇంతవరకు ఒక్క మచ్చ లేదు, వస్తానని చెప్పు. పిడుగుకి చెప్పు, గొడ్డలి బాగా నూరుకోమను, నాన్న వచ్చేదాకా అక్కర పడదని కూడా చెప్పు.

నీ దుబాసీ

&nbsp;

బైండింగ్ షాపు, పైగది
బుధవారం

బావమరిదికి,

నీకోసం రెండు కాగితాలు చేర్చాను. మాటలతో ఒప్పించడానికి అసలు పుస్తకంలో ఉన్న నియమం నాకు నచ్చలేదు. మనిషి ఏం మాట్లాడినా పాచిక వేయమంటుంది. నేనిలా మార్చాను: నువ్వు ఉత్తరంలో రాసే మాటలే దుబాసీ మాటలు. మాట బాగుండి, ఒప్పుకుంటే ఎదుటివాడికి పోయేదేమీ లేకపోతే పాచిక అక్కర్లేదు, ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే వాడికి నష్టం ఉన్నప్పుడే పాచిక. పన్నెండు గానీ ఆపైన గానీ పడాలి. ఒకటి పడితే పెద్ద కీడు జరుగుతుంది.

నువ్వు విడిగా రాసి పంపిన మాటలు ఆదివారం చదివాను. వంతెన కింది రాక్షసుడితో నీ మొదటి మాట, "నిన్ను చివరిసారి ఎవరైనా కుశలమడిగి ఎన్నాళ్ళయింది?" అని ఉంది. మీ అక్క ఇంకోసారి చదవమంది. పాచిక వేశాను. పద్నాలుగు. దారి ఇచ్చాడు. పిడుగు ఉక్రోషంతో, "నాన్నకేం పోయింది, నాకు నరకడానికి ఎవరూ మిగల్లేదు!" అంది. కానీ స్కూల్లో అందరికీ చెప్పిందట, మా నాన్న రాక్షసుణ్ణి ఏడిపించాడని.

తర్వాత కోట వచ్చింది. కాపలావాళ్ళని మాటల్లో పెట్టి మిగతా ఇద్దరినీ తప్పిస్తానని రాశావు. వాళ్ళిద్దరూ తప్పించుకున్నారు. నీకు వేసిన పాచిక మూడు. నువ్వు పట్టుబడ్డావు. దుబాసీ కోట లోపల బందీగా ఉన్నాడు. పిడుగు నా చెయ్యి పట్టుకుని, ఇంకోసారి వెయ్యి మామయ్యా అంది. వేయలేదు. నువ్వు వద్దన్నావు కదా.

విచారణకి రెండు నెలలు.

నీ బావ

&nbsp;

రెండో బ్యారక్, కిటికీ పక్క

బావా,

వంటాయన మంచం మీద పడి నవ్వాడు. "ఆటలో కూడా జైలేనా నీకు! ఇదేం జాతకమయ్యా!" అని. బ్యారక్ అంతా తెలిసిపోయింది. నిన్న చాకిరేవు దగ్గర ఎవడో, "దుబాసీ గారూ, ఈ మరక భాష మీకేమైనా తెలుసా?" అన్నాడు.

సరే, బయటపడతాను. పిడుగుని గేటు పగలగొట్టనివ్వకు. మాటలతోనే వస్తాను. కానీ ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో తెలియాలి కదా. ఒక పటం గీసి పంపు. గుమ్మాలెన్ని, కాపలా ఎప్పుడు మారుతుంది, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి. నువ్వు గీస్తే కొలతలతో సహా గీస్తావని తెలుసు. వంటాయన వంటింటి గుమ్మం మరిచిపోవద్దన్నాడు, ఏ కోటలోనైనా వంటవాడితోనే ముందు స్నేహం చేయాలట.

ఇన్నేళ్ళలో నేను ఒకదాని కోసం ఎదురు చూడటం ఇదే మొదలు, విచారణ కాకుండా.

నీ దుబాసీ

&nbsp;

బైండింగ్ షాపు, పైగది
మంగళవారం

బావమరిదికి,

పటం వేరే కాగితం మీద గీసి ఇందులో పెట్టాను. నాలుగు రోజులు పట్టింది.

కోటలు నేనెప్పుడూ చూడలేదు. ఆట పుస్తకంలో బొమ్మ ఉంది గానీ, ఆ బొమ్మలో మనిషి ఎక్కడ నిలబడతాడో, ఎటు తిరుగుతాడో తెలియదు. తెలియనిది గీయడం నాకు చేతకాదు. పెద్ద గోడలున్న కట్టడం లోపలికి నేను వెళ్ళింది ఒక్కటే కాబట్టి ఆ కొలతలే వాడాను. బయటి గేటు నుంచి పేర్లు రాసే బల్ల దాకా అరవై రెండు అడుగులు. బల్ల నుంచి ఇనుప తలుపు దాకా పంతొమ్మిది. నిన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా రోజువారీ పుస్తకంలో రాసుకున్నవే. రెండు గంటలకి కాపలా మారుతుంది. కొత్తాయన తాళాలు లెక్కపెట్టి తీసుకునేటప్పుడు నాలుగు నిమిషాలు చిన్న గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. అన్నిసార్లు వరసలో నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. వంటింటి గుమ్మం ఊహించి పెట్టాను, అది చుక్కల గీతతో చూపించాను.

దుబాసీ ఆ నాలుగు నిమిషాల్లో ఎవరితో మాట్లాడతాడో రాయి.

పిడుగు పటం మీద గేటు బయట తన గొడ్డలి బొమ్మ వేసింది. ఎరుపు పెన్సిలుతో.

నీ బావ

&nbsp;

ఏడో బ్యారక్, ఒంటి గది

బావా,

ఉత్తరం వచ్చిందని చెప్పారు.

ఇకమీద పటాలు పంపొద్దు. ఆటలో కోట వద్దు. గోడలు, గేట్లు, తాళాలు, కాపలావాళ్ళు, సొరంగాలు, ఏవీ వద్దు. వాటి నియమాలున్న కాగితాలు తీసెయ్యి. దుబాసీ ఎక్కడో చదును నేల మీద నడుస్తున్నాడని అనుకో. కొట్లాట లేకుండా ఆడటానికి వీలైనప్పుడు గోడలు లేకుండా ఆడటానికీ వీలుండాలి కదా.

కారణం అడగొద్దు. గది మారింది, ఇది కాస్త నిశ్శబ్దంగా ఉంది. వంటాయన లేడు. నేను బాగానే ఉన్నాను.

విచారణ అనుకున్న తేదీకే. మా ఆవిడకి వేరే ఏమీ చెప్పకు.

&nbsp;

బైండింగ్ షాపు, పైగది
శనివారం

బావమరిదికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ముప్పై ఒక్క కాగితాల్లో ఇరవై తీసేశాను. తాళం తీయడం, గోడ ఎక్కడం, దాక్కోవడం, వెంబడించడం, ముట్టడి, అన్నీ పోయాయి. ఇన్ని నియమాలు గోడల మీదే ఆధారపడ్డాయని తీసేదాకా తెలియలేదు. పదకొండు మిగిలాయి.

ఇప్పుడు దుబాసీ చదును నేల మీద నడుస్తున్నాడు. వారానికి ఒక పాచిక. ఎంత పడితే అంత దూరం. పిడుగు మొదట ఒప్పుకోలేదు.

"గోడలు లేకపోతే మరి నాన్న లోపలెలా ఉన్నాడు?" అంది.

"లోపల లేడు, నడుస్తున్నాడు" అన్నాను.

"ఎటు?"

"మీ వైపు."

గొడ్డలి పక్కన పెట్టింది. ఇప్పుడు వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా ఈ వారం ఎంత నడిచాడు అని అడుగుతుంది. గోడ మీద అన్ని గీతలు గీసుకుంటోంది. మొదటి వారం తొమ్మిది, రెండో వారం పదహారు.

నువ్వు కారణం అడగొద్దన్నావు. అడగను. ఇక్కడి సంగతి మాత్రం చెబుతాను. బుధవారం జైలు నుంచి షాపుకి ఇద్దరు వచ్చారు. ఆట కాగితాలు చూశారు. రోజువారీ పుస్తకం కావాలన్నారు, ఇచ్చాను. అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, రాసింది చదివి సంతకం పెట్టాను. దాచడానికి మన దగ్గర ఏమీ లేదు కాబట్టి కంగారు పడకు.

నీ బావ

&nbsp;

ఏడో బ్యారక్, ఒంటి గది

బావా,

విచారణ అయిపోయింది. అర్జీ కొట్టేశారు. మిగిలిన మూడేళ్ళూ పూర్తిగా ఉండాలి, మళ్ళీ అర్జీ పెట్టుకోవడానికి కూడా వీల్లేదు.

బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. నీ పటం మధ్యలో పరిచారు. నేను దాన్ని చూడటం అదే మొదలు. నాకసలు ఇవ్వలేదు, ఉత్తరం కూడా ఇవ్వలేదు. బాగా గీశావు బావా. పిడుగు గొడ్డలి కూడా చూశాను.

పెద్దాయన, "ఏంటయ్యా ఇది?" అన్నాడు.

"ఆటండీ. మా మేనమామ పోలిక నాకు, ఆటలంటే పిచ్చి" అని నవ్వించబోయాను. ఎవరూ నవ్వలేదు.

"ఈ కోట?"

"ఊహండీ. మా బావ ఊహించి గీశాడు."

"అంతా ఊహేనా?"

"అంతా ఊహేనండీ."

అప్పుడు నీ రోజువారీ పుస్తకం తీశాడు. చీటీ పెట్టి ఉంచారు. గేటు నుంచి బల్ల దాకా అరవై రెండు. బల్ల నుంచి తలుపు దాకా పంతొమ్మిది. కాపలా మార్పు, నాలుగు నిమిషాలు. పక్కనే నువ్వు సంతకం పెట్టిన కాగితం. "ఈ కొలతలు నేను స్వయంగా నడిచి లెక్కపెట్టినవి, ఊహించినవి కావు." దాన్ని చదివి ఆయన కళ్ళజోడు తీశాడు. "నువ్వు చూడనిదాన్ని చూశానని రాసి ఇక్కడికొచ్చావు. ఇప్పుడేమో చూసి గీసినదాన్ని ఊహంటున్నావు. నీకు మార్పు రాలేదయ్యా" అన్నాడు. అంతే. నాలుగేళ్ళ నడవడిక మూడు నిమిషాల్లో అయిపోయింది.

పటం అడిగింది నేను. అది నీ తప్పని అననుగాక అనను. నీ మీద కోపం రాలేదంటే మాత్రం మళ్ళీ అబద్ధమాడినట్టవుతుంది. ఒక్క మాట బావా. ఊహించాను అంటే సరిపోయేది. దుబాసీ అయితే అనేవాడు.

ఇప్పుడు అడగబోయేది చివరిసారి అడగడం. మా ఆవిడ వెళుతుంది. వెళ్ళనివ్వు. కానీ పిడుగు ఆ గోడ మీద గీతలు గీసుకుంటూ వెళ్ళకూడదు. అక్కడ ఇంకో గోడ వెతుక్కుంటుంది. వారం వారం ఎంత నడిచాడని ఉత్తరం రాస్తుంది. నూట యాభై వారాలు. చివరికి వచ్చేవాణ్ణి చూసి అది ఏమంటుందో, ఎవరు మీరంటుందో ఏమో. అంతకంటే ఇప్పుడే ఆపడం మేలు.

దుబాసీని చంపెయ్యి. ఏదైనా నది అడ్డం పెట్టు. పాచిక వెయ్యి. ఏం పడినా ఒకటి పడిందని చెప్పు. అంకె మార్చొద్దన్నది నేనే, మార్చమంటున్నదీ నేనే. నియమం మనిషిని బట్టి మార్చుకోవచ్చని నువ్వే రాశావు. దీన్నీ మార్చు.

&nbsp;

బైండింగ్ షాపు, పైగది
ఆదివారం

బావమరిదికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు ఇంకోలా రాయడం రాదు. అది ఇప్పుడు నాకు గొప్పగా అనిపించడం లేదు.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. ఏడ్చింది. తర్వాత, "అరవై రెండు అడుగులని ఎందుకు లెక్కపెట్టావు? ఎవరడిగారు నిన్ను?" అంది. ఎవరూ అడగలేదు. ఆ గేటు దాటి నీ దగ్గరికి నడిచేటప్పుడు నాకు ఏం చేయాలో తెలిసేది కాదు. అడుగులు లెక్కపెట్టేవాణ్ణి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ మధ్యాహ్నం పాపని తీసుకుని వాళ్ళమ్మ వచ్చింది. రైలు నాలుగున్నరకి. మూడు పెట్టెలు, ఒక బుట్ట. ఆమె లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. "అన్నయ్యా, మీరు కానివ్వండి, టైముంది" అంది. నావైపు చూడలేదు.

బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. పిడుగు గోడ మీద గీతలు లెక్కపెట్టి, "అరవై నాలుగు నడిచాడు" అంది. నది వచ్చిందని చెప్పాను. వెడల్పైన నది, వంతెన లేదు, మాట్లాడటానికి అవతల ఎవరూ లేరు. పన్నెండు గానీ ఆపైన గానీ పడితే ఈది దాటుతాడు. అంతకు తక్కువైతే వెనక్కి వస్తాడు. ఒకటి పడితే మునిగిపోతాడు.

"నేనొస్తాను నాన్నతో" అంది.

"నువ్వు దూరంగా ఉన్నావు."

"అత్త దగ్గర తాడుంది కదా, అత్తా, తాడెంతుంది?"

మీ అక్క తన కాగితం చూసింది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు. నలభై మూరలు ఉంది. "అయిపోయింది తల్లీ" అంది. ఇన్నాళ్ళ ఆటలో ఆమె తప్పు చెప్పడం అదొక్కసారి.

పాచిక వేశాను. బల్ల అంచు దాకా వెళ్ళి ఆగింది. పదిహేడు. వెంటనే చెయ్యి అడ్డం పెట్టాను. "ఒకటి" అన్నాను.

"చెయ్యి తియ్యి మామయ్యా" అంది పిడుగు.

తీయలేదు. అది నా వేళ్ళు ఒక్కొక్కటిగా ఎత్తింది. నాకు బలం లేక కాదు. చూసింది. చాలాసేపు చూసింది. గుమ్మం దగ్గర వాళ్ళమ్మ కుర్చీ జరిపిన చప్పుడైంది.

"నాన్న చెప్పమన్నాడా?" అంది.

అబద్ధం చెప్పడం అప్పుడే ఒకసారి అయిపోయింది, రెండోది రాలేదు. నిజం చెప్పడానికి నువ్వు ఒప్పుకోవు.

"సరే అయితే" అంది. పెన్సిలు తీసుకుని, నా కొత్త రోజువారీ పుస్తకం తన వైపు లాక్కుని, ఇవాళ్టి తేదీ కింద "ఒకటి" అని రాసింది. అంకె వేయలేదు, అక్షరాల్లో రాసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి తన గీతలన్నిటినీ అరచేత్తో రుద్దింది. పూర్తిగా పోలేదు. చేతికి నల్లగా అంటింది. అలాగే వెళ్ళి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు, "మామయ్యా, నా గొడ్డలి కాగితాలు ఎవరికీ ఇవ్వకు. నాకూ వద్దు" అంది.

వాళ్ళని రైలు ఎక్కించి వచ్చి ఇది రాస్తున్నాను. ఆ పదకొండు కాగితాలూ కుట్టేశాను. ఇక తీసేదీ లేదు, చేర్చేదీ లేదు. నల్ల అట్ట వేశాను. కుట్టిన పుస్తకమైతే లోపలికి రానిస్తారని మీ జైలు ఉత్తరాల గుమాస్తా ఇదివరకే చెప్పాడు. పంపుతున్నాను. ఎందుకో నాకు తెలియదు. నా దగ్గర ఉంచుకోలేకపోయాను.

బావ

&nbsp;

ఏడో బ్యారక్, ఒంటి గది

బావా,

పుస్తకం అందింది. లోపల ఏమైనా పెట్టావేమోనని గేటు దగ్గర అట్ట చీల్చి, కుట్టు కోసి చూశారు. దారం వాళ్ళే ఉంచేసుకున్నారు, గదిలో దారం ఉండకూడదట. కాగితాలు విడివిడిగా చేతికిచ్చారు. అంకెలు చూసుకుని వరసలో పెట్టుకున్నాను. పదకొండూ ఉన్నాయి. మామూలుగా అయితే దీనికి వంటాయన ఏదో ఒకటి అనేవాడు.

పదిహేడు పడిందని నాకు రాయకుండా ఉండాల్సింది. నువ్వు ఉండలేవు, నాకు తెలుసు. రాత్రి తలుపులు వేసేలోపు నాలుగుసార్లు ఆ వాక్యం చదివాను. పదిహేడంటే దుబాసీ దాటేశాడన్నమాట.

అవతల గట్టు మీద ఏముందో నువ్వు రాయలేదు. రాయొద్దు.